పోషితశిశువు పూర్వవృత్తము

పోషించినవారికి శిశువు పూర్వవృత్తమును తుడిచివేయు నధికారము కలదా? అన్నవస్త్రములును విద్యయు నొసగినచో ధర్మము తీరినదని అనాథశరణాలయముల పోషకులు పలువురు తలంతురు. మేమట్లు తలంపజాలము.

లండనులో థామస్ కోరమ్ 1739లో స్థాపించిన శిశుశరణాలయమున చేరిన బిడ్డలకు క్రొత్తపేరులు పెట్టుచుండిరి. మరల వచ్చి బిడ్డను కోరునపుడు గుర్తుగా నుండుటకై తల్లులు విడిచిన గుడ్డపీలికలు, నాణెములు, పతకములు కాగితములతో చేర్చి ముద్రవేసి దాచిరి. బిడ్డలకు మాత్రము చూపరైరి. తల్లుల మానము కాపాడవలెనను దయయు నిందు కలదు. కాని "నేనెవరి దానను?" అని బాలిక యడిగిన దినమున ఆ దయ యేమి ప్రత్యుత్తర మీయగలదు?

పాతకథ తెలిసినచో మనస్సు విఱుగునని కొందఱందురు. ఆ భయము వట్టిది కాదు. అయినను తెలియని వెలితిని బిడ్డ తన యూహతో నింపుకొనును. ఆ యూహలో దోషము తఱచుగా తనదే యగును. "నేను చెడ్డదానను గావుననే విడిచిరి" అను తలంపుకంటె కఠినమైన నిజము లెన్ని యున్నవి?

బిడ్డ పేరును, కుటుంబసంబంధములను గౌరవించుట రాజ్యధర్మమని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలోని 8వ అధికరణము చెప్పుచున్నది. భారతదేశము 1992లో దాని నంగీకరించెను. బిడ్డ దొరికిన చోటు, తేది, ఒంటిపై గుడ్డ, అమ్మను పిలిచిన భాష శరణాలయపు పుస్తకములో వ్రాసియుంచుటకు వ్యయమెంత?

కోరమ్ శాలలోని ఆ గుర్తులు కొన్ని నేడు లండనులో ప్రదర్శనశాలయందున్నవి. ఎవరికై విడువబడినవో వారు దక్క లోకమెల్ల వానిని చూచుచున్నది.