దాతయు గ్రహీతయు నొక్కడే యైనప్పుడు

ప్రజాధనమును కాపాడుటకు నియుక్తుడైనవాడు అందులో తన పాలును తానే నిర్ణయించుకొనవచ్చునా యను ప్రశ్న పైకి రాజ్యాంగ విషయముగా కనిపించినను, మూలమున ధర్మసంశయమే. మన పూర్వులు రాజును సైతము జీతగానిగానే యెంచిరి. ప్రజల నుండి ఆరవభాగము గ్రహించి వారిని రక్షించుట రాజధర్మమని బౌధాయనుడు విధించెను. శాంతిపర్వమున భీష్ముడును పన్నును రాజునకు వేతనముగానే నిరూపించెను. ఆ పాలును నిర్ణయించినది శాస్త్రము, గ్రహించువాడు రాజు.

మన రాజ్యాంగపు 195వ అధికరణము శాసనసభ్యుల జీతభత్యములను నిర్ణయించు అధికారమును వారి సభకే యొసగినది. పేదవాడును ప్రజాప్రతినిధి కాగలుగవలెనన్న జీతము తప్పదు. సభలో బిల్లు పెట్టి నలుగురి యెదుట పెంచుకొన్న జీతమునకు ఓటరునకు జవాబు చెప్పుకొనవలసియుండును గనుక, ఆ సిగ్గే దానికి కొంత హద్దు. ఆ హద్దును చడిచప్పుడు లేక దాటించు ఉపాయము అదనపు పదవి.

2003లో 91వ సవరణ మంత్రుల సంఖ్యను సభ్యులలో 15 శాతమునకు పరిమితము చేయగా, మంత్రివర్గమున చోటు చాలనివారికి పార్లమెంటరీ కార్యదర్శి పదవి అక్కఱకు వచ్చెను. అస్సాము 2004లో చట్టమే చేసి వారికి సహాయమంత్రి హోదా కల్పింపగా, అది చెల్లదని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పెను. తెలంగాణమున 2014 డిసెంబరులో ఆర్గురు నియుక్తులు కాగా, మరుసటి మే నెలలో హైకోర్టు అడ్డుపడెను.

వడ్డించువాడు మనవాడైన కడపంక్తినైనను కూర్చుండవచ్చునందురు. ఇచట వడ్డించువాడే విస్తరి ముందు కూర్చుండినాడు. అయినను ఖర్చయిన సొమ్ముకంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. దానము పట్టుటకు అర్హుడైన విప్రునకు సైతము ప్రతిగ్రహముచే బ్రహ్మతేజస్సు చల్లారునని మనువు హెచ్చరించెను. శాసనసభ్యుని తేజస్సు ప్రభుత్వమును నిలదీయుటలో నున్నది. పేషీయు కారును ముఖ్యమంత్రి దయవలన లభించినవాడు ఏ నోటితో నిలదీయగలడు? లాభదాయక పదవి గలవాడు సభ్యత్వమునకు అనర్హుడని 191వ అధికరణము శాసించుట ఇందులకే. కాని ఏ పదవులకు మినహాయింపు నీయవలెనో చట్టముచే ప్రకటించు అధికారమును ఆ అధికరణమే మరల శాసనసభ చేతిలో పెట్టినది.

1789లో ప్రతిపాదితమై 1992లో ఆమోదము పొందిన అమెరికా రాజ్యాంగపు 27వ సవరణ, కాంగ్రెసు సభ్యుల జీతమున మార్పు నడుమ నొక ఎన్నిక జరిగిన పిదపనే అమలు కావలెనన్నది. ఇట్టి నియమమును మన సభలలో జీతములకేగాక పదవులకును వర్తింపజేసి, ఈ సభ సృష్టించిన పదవిని రాబోవు సభవారే యనుభవించునట్లు చేసినచో, రాష్ట్రమునకు నిజముగా ఎన్ని పదవులు కావలెనో మన నాయకులకు శీఘ్రముగనే బోధపడగలదు.