పోయే నీరు

పెట్టుబడి భూమిని మింగేస్తోందని ఒకరూ, టెక్నాలజీయే దాన్ని కాపాడుతుందని ఇంకొకరూ వాదించుకుంటుంటే నాకు కాలువలు గుర్తొస్తాయి. బెజవాడ పటమటలో ఉండేవాడికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం లేదు.

బెజవాడ దగ్గర కృష్ణ మీద 1852-55 మధ్య ఆనకట్ట కట్టారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే నందన కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. అయినా కుంఫిణీవాళ్ల చేత డబ్బు తీయించింది జాలి ఒక్కటే అనుకోలేం, శిస్తు పెరుగుతుందన్న లెక్కా ఉంది. ఆ నీళ్లతోనే మా తాతలు అన్నం తిన్నారు. కాబట్టి లాభం కోసం చేసిన పనిలో మేలు ఉండదని నేను అనలేను.

కానీ డెల్టా రైతును అడగండి. చేలోకి నీరు తెచ్చేది కాలువ, చేలోంచి నీరు తీసేది డ్రెయిను. రెండోది పూడితే మొదటిది ఉన్నా వరి కుళ్లిపోతుంది. కాలువ మీద నీటి తీరువా వస్తుంది. డ్రెయిను మీద ఎవరికీ లాభం కనపడదు. అందుకే దాంట్లో గుర్రపుడెక్క అల్లుకుంటుంది, గట్టు మీద గోడ లేస్తుంది. పెట్టుబడి మీద నాకున్న ఫిర్యాదంతా ఇదే: వచ్చే నీటిని లెక్కపెడుతుంది, పోయే నీటిని మరిచిపోతుంది.

బుడమేరు పోయే నీటి దారి. బెజవాడ పక్కగా పారి కొల్లేరులో కలుస్తుంది. ఊరు ఆ దారి మీదికి ఎక్కింది. కొల్లేరు నిండా చేపల చెరువుల గట్లు లేచాయి. 2006లో ప్రభుత్వం ఎన్నో గట్లను కొట్టించింది. కొల్లేరు నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి బెజవాడలోని సింగ్‌నగర్ మునిగింది. ఆ రోజుల్లోనే కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. నది ఒడ్డునున్న కృష్ణలంకను రక్షణ గోడ చాలావరకు కాచింది. ఇటు బుడమేరు ముంపులో మేడల మీద చిక్కుకున్నవాళ్లకు డ్రోన్లు అన్నం పొట్లాలు మోశాయి. ఆ గోడనూ ఆ డ్రోన్లనూ తప్పుపట్టే నోరు నాకు లేదు. అయితే డ్రోన్ ఎగరేయగల ఊరికి వాన నీరు ఎటు పోవాలో తెలియదా? తెలుసు. ఆ దారిలో ప్లాట్లు వేస్తే డబ్బొస్తుంది, ఖాళీగా వదిలితే రాదు. మునిగింది మాత్రం చౌకగా దొరికిందని అప్పు చేసి అక్కడ ఇల్లు కట్టుకున్నవాడు.

బుడమేరు దారి బుడమేరుకు వదలమని గట్టిగా అడుగుదాం. రేపు మీరు స్థలం కొనబోతే, గజం ధర అడిగే ముందు ఒక్క మాట అడగండి: వానొస్తే ఇక్కడి నీరు ఎటు పోతుంది?