సడలిన కండ సోమరియా?

నేరేడ్‌మెట్ బండలమీద రాయి కొట్టు సహోదరుని చేయి చూడుడి. కండ లాగగలదే గాని నెట్టజాలదు. సుత్తి ఎత్తుటకు మోచేయి ముడుచునప్పుడు ముందరి కండ బిగియును, వెనుకది సడలును. దెబ్బవేయునప్పుడు వెనుకది బిగియును, ముందరిది సడలును. సడలినది సోమరియా? కాదు, అది చోటిచ్చినందుననే చేయి కదలెను.

రెండును పంతము పట్టినయెడల? ధనుర్వాతము చూచినవారు ఎరుగుదురు. బిగియవద్దని కండలకు చెప్పు నరముల పనిని ఆ విషము ఆపివేయును. కండలన్నియు ఒక్కమారే బిగిసి దేహము విల్లువలె వంగును. బలము తక్కువై కాదు సుమా!

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయములో కన్నును, చేతిని, పాదమును పేర్కొనెను. మన పెద్దల కూటములలో మేము చూచుచున్నది ఈ బిగింపే. అయితే ప్రతిసారియు బీదవానినే సడలుమనుట న్యాయమా? ఎన్నడును బిగియని కండ కృశించిపోవును. పోయిన కూటములో ఊరకున్నవారిని ఈసారి ముందుగా మాటలాడనిత్తము.