జేబులో పెన్ను, దాని కర్ర



మనవాళ్లకు పెన్నంటే ప్రాణం. జేబులో పెన్ను లేని బాబాసాహెబ్ విగ్రహాన్ని మనం ఊహించలేం. పోయిన అశోక విజయదశమికి అమెరికాలో ఉంటున్న మా స్నేహితుడి కొడుకు నాకో పెన్ను పంపాడు. ఇంట్లో చిన్న లేత్ మిషన్ పెట్టుకుని సెలవురోజుల్లో తనే చేస్తాడట. నల్లగా, నున్నగా, చేతిలో బరువుగా ఉంది. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్. నీళ్లలో వేస్తే మునిగిపోయే కర్ర.

ఎలా చేస్తాడో ఫోన్లో చెప్పాడు. జానెడు కూడా లేని ముక్కకు నిలువునా బెజ్జం వెయ్యాలి. గట్టి కర్ర కదా, డ్రిల్లు వేడెక్కితే చిట్లుతుంది. అందుకే కొంచెం దించడం, బయటికి తీసి పొట్టు దులపడం, మళ్లీ దించడం. లోపల ఇత్తడి గొట్టం అతికించి, మిషన్ మీద తిప్పుతూ ఉలితో చెక్కుతాడు. ఈ జాతి కర్రల పొడికి కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి, మాస్కు తప్పదు. "ఉలి పట్టుకుంటే మనసు ఎటూ పోదు బాబాయ్" అన్నాడు. నమ్మాను. (మన దగ్గర ఉలి పట్టినవాడి కులం అడుగుతారు. అక్కడ అదే పనికి హాబీ అని పేరు.)

మరి ఆ కర్ర ఎక్కడిది?

చెట్టు నరకడం పాణాతిపాతమా అని మీరు అడగొచ్చు. పచ్చని చెట్టు నరకొద్దనే నియమం వినయంలో భిక్షువులకుంది, మనలాంటి ఉపాసకులకు లేదు. ఉపాసకులు చెయ్యకూడదని బుద్ధుడు చెప్పిన వ్యాపారాలు ఐదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. కర్ర వాటిలో లేదు. లేదు కాబట్టి చేతులు దులుపుకోవచ్చా? నేనొప్పుకోను. సమ్యక్ ఆజీవం అంటే జాబితా చూసి టిక్కు పెట్టుకోవడం కాదు.

శేషాచలం గుర్తుందా? 2015 ఏప్రిల్ 7న ఎర్రచందనం దొంగలంటూ పోలీసులు 20 మందిని కాల్చి చంపారు. తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు వాళ్లు. ఆ దుంగలతో ఎక్కడో విదేశంలో ఫర్నిచర్ చేయించుకున్నవాళ్లకు వాళ్ల పేర్లు కూడా తెలియవు. కొన్నవాడు ఎవర్నీ చంపలేదు, నిజమే. అడగలేదు, అంతే.

బ్లాక్‌వుడ్ టాంజానియా, మొజాంబిక్ అడవుల చెట్టు. క్లారినెట్లు చేసేది దానితోనే. కోతకు రావడానికి 70 ఏళ్లు దాటుతుంది, అంటే నాటినవాడు కొయ్యడు. 2017 జనవరి నుంచి ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపారానికి సైట్స్ ఒప్పందం కింద అనుమతి కావాలి. టాంజానియాలోని కిల్వా జిల్లాలో గ్రామాలే తమ అడవిని కాపాడుకుని 2009లో ఎఫ్‌.ఎస్‌.సి. ధ్రువీకరణ తెచ్చుకున్నాయి. అక్కడ చెట్టు అమ్మితే డబ్బు ఊరికొస్తుంది. అలాంటి కర్రయితే నాకు అభ్యంతరం లేదు.

"వాయిద్యాలు చెయ్యగా మిగిలిన ముక్క బాబాయ్, లేకపోతే పొయ్యిలోకే" అన్నాడు అబ్బాయి. సగం ఒప్పుకున్నాను. మిగులుకు ధర కట్టాక అదీ సరుకే కదా. ఇంకో మాట కూడా చెప్పాడు: రకరకాల దేశాల కర్రముక్కలు 40 దాకా పెట్టెలో దాచుకున్నాడట, కొన్ని మూడేళ్లుగా ముట్టుకోలేదట. తృష్ణ నాకు పెన్నులో కాదు, ఆ పెట్టెలో కనబడింది. ఆ సంగతి వాడితో అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

ఏ ఊరి చెట్టో కనుక్కోమన్నాను. బిల్లు మీద "ఆఫ్రికా" అని మాత్రమే ఉందట. అమ్మినవాణ్ణి అడిగాడు, జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా పెన్ను బీరువాలోనే. ఇది పది రూపాయల పెన్నుతో రాస్తున్నాను. దాని ప్లాస్టిక్ ఎక్కడిదని మీరడిగితే, దానికీ నా దగ్గర జవాబు లేదు.