కొత్త యింట బిడ్డలు

గృహస్థుడు ఇల్లు మారదలచినపుడు పలువురను సంప్రదించును. జ్యోతిష్కుని ముహూర్త మడుగును; వాస్తు తెలిసినవానిని పిలిచి సింహద్వారము చూపించును; బండివానితో బాడుగ బేరమాడును; ఇంటి యజమానితో అద్దెయు బయానాయు మాటలాడుకొనును. అందరికంటె నెక్కువ కాలము ఆ యింటి నేలమీద గడపబోవు పసిబిడ్డను మాత్రము ఎవరును అడుగరు. బీరువాతోపాటు బిడ్డయు బండి యెక్కును. ఇది న్యాయమా యని విచారింపదలచితిమి.

“పసివారికేమి తెలియును? నాలుగు దినములలో మరచిపోదురు” అని పెద్దలు చెప్పు సమాధానము మేమెరుగనిది కాదు. ఈ మాటలో రెండు దోషములు కలవు. మరచుట వేరు, మరచినట్లు కనబడుట వేరు. ఇల్లు మారిన పిదప నాలుగైదేండ్ల బిడ్డ రాత్రులు లేచి యేడ్చుటయు, ఎన్నడో మానిన పక్క తడుపుట మరల మొదలగుటయు, తల్లి కొంగు విడువకుండుటయు మనలో ననేకులు చూచినవే. మనము దానికి దిష్టి యని పేరిడి, ఉప్పును ఎండుమిరపకాయలును దిగదుడుతుము. నోటితో చెప్పలేని దుఃఖమును బిడ్డ దేహముతో చెప్పుచున్నదని యెంచము. ఇక, నిజముగా మరచునే యనుకొందము. మరచిపోవువారికి చేసిన అన్యాయము అన్యాయము కాకపోవునా? అట్లైనచో, జ్ఞాపకము తప్పిన తాతగారి యెడల మన మెట్లు ప్రవర్తించినను తప్పులేదని యొప్పుకొనవలసి వచ్చును.

ఈ విషయమున మన పూర్వకవి మనకంటె సున్నితహృదయుడు. శాకుంతలము నాల్గవ యంకమున శకుంతల అత్తవారింటికి బయలుదేరునపుడు కాళిదాసు ఆమెను తొందరపెట్టలేదు. వనజ్యోత్స్న యను మల్లెతీగను కౌగిలించుకొనుటకును, కొంగు పట్టి లాగు జింకపిల్లను ఓదార్చుటకును ఆమెకు తెరపి నిచ్చెను. విరాగి యగు కణ్వునికే దుఃఖ మాగలేదు. పెరటి జామచెట్టును, ఎదురింటి నేస్తమును, ఏటేట తన యెత్తును గుర్తుపెట్టిన గోడమీది గీతలను విడుచుటకు మన బిడ్డకు గడియసేపైన నిత్తుమా? “ఊరికే పోయి వత్తము” అని బొంకి బండి యెక్కింతుము. పది దినములు గడచిన పిదప, “మన యింటి కెప్పుడు పోదుము?” అని బిడ్డ యడుగును. అపుడు తల వంచుకొనవలసినవారెవరు? సత్యము పలుకుమని నేర్పవలసిన తల్లిదండ్రులే యిట్లు బొంకిన, బడిలో మేము నేర్పు నీతిపాఠ మెంత నిలుచును?

ఆచారము పేరను గూడ బిడ్డయే నష్టపడుచున్నది. ఆషాఢమున గృహప్రవేశము కూడదందురు. మన యుభయ రాష్ట్రములలోను బడులు సాధారణముగా జూను రెండవ వారమున తెరతురు. ఆషాఢము జూను జూలై నెలలలో వచ్చును. శ్రావణము వరకు వేచి కదలిన కుటుంబమునందలి బిడ్డ, తోటివారు జతలు కూడి, పాఠములు కొన్ని నడచిన పిదప తరగతి గుమ్మమున నిలుచును. పాఠము చెప్పి బ్రతుకు మేము అట్టి బిడ్డలను ఏటేట చూచుచున్నాము. కడపటి బల్ల చివర కూర్చుండి, మధ్యాహ్నమున డబ్బా విప్పుటకు గూడ సిగ్గుపడుచుందురు. ముహూర్తము పెద్దలకు కుదిరినది, బిడ్డకు కుదరలేదు.

2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయము హైదరాబాదునుండి వెలగపూడికి తరలినపుడు ఈ చిక్కు అనేక కుటుంబములకు ఒక్కసారిగా వచ్చెను. బిడ్డల చదువు చెడునని కొందరుద్యోగులు భార్యాపుత్రులను హైదరాబాదుననే యుంచి, వారాంతమున రైలెక్కి పోయి వచ్చుచుండిరి. ప్రభుత్వమును వారికి అయిదు దినముల పనివారము నొసగెను. మరికొందరు బిడ్డలతోనే కదలిరి. ఏది మేలో తీర్పు చెప్పుట మా తరము కాదు. తండ్రి లేని వారమా, నేస్తములు లేని యూరా? రెంటను నష్టము కలదు. అయినను ఆ నష్టమును మోయవలసిన బిడ్డను, నీకేది కష్టమని యడిగిన యిండ్లెన్ని?

“బిడ్డల నడిగి బ్రతుకుటయా? ఇల్లు వారి యేలుబడిలోనికి పోదా?” అని కొందరు నవ్వుదురు. పెండ్లి విషయమున కన్య నడుగనేల యని మన తాతల కాలమునను ఇట్లే నవ్విరి. వినుట వేరు, లోబడుట వేరు. 1989లో ఐక్యరాజ్యసమితి యంగీకరించి, 1992లో మన దేశము చేరిన బాలల హక్కుల ఒడంబడికయందు పండ్రెండవ అధికరణము ఈ భేదమునే పాటించినది. తనకు సంబంధించిన విషయములలో బిడ్డ మాట వినవలెననియు, వయస్సును పరిణతిని బట్టి దానికి విలువ నీయవలెననియు అందు కలదు. నిర్ణయము బిడ్డదే యని లేదు. బదిలీ యైన తండ్రి ఉద్యోగము మానుకొననక్కరలేదు.

మరి చేయవలసినదేమి? మొదట, నిజము చెప్పవలెను: ఎక్కడికి, ఏల, మరల వత్తుమా రామా యని. పిదప, వీడ్కోలునకు వేళ నీయవలెను. తన వస్తువులలో వెంట రావలసిన దేదో బిడ్డనే యేరుకొననీయవలెను. చక్ర మూడిన చెక్కబండి మనకు చెత్త. బిడ్డకు అది పాత యింటినుండి వెంటవచ్చిన చుట్టము. కడపట, కొత్త యింట పనిలో పాలీయవలెను. పాలు పొంగినపుడు పిడికెడు బియ్యము బిడ్డచేత వేయింపవచ్చును. పుస్తకముల గూడు ఏ మూల నుండవలెనో చెప్పనీయవచ్చును. మొదటి రాత్రి పాత దుప్పటి, పాత వేళకే అన్నము, పాత కథయే యుండిన చాలును. వీనికి ధనవ్యయము లేదు.

ఋగ్వేదమున వాస్తోష్పతిని ప్రార్థించిన ఋషి రెండు కాళ్ల ప్రాణులకును నాలుగు కాళ్ల ప్రాణులకును శుభము కోరెను. మనము నేటికిని ఆవును దూడతో కూడ ముందు గడప దాటింతుము. తల్లివెంట దూడ యుండవలెనని తెలిసిన మనకు బిడ్డ మనస్సు తెలియరాదా?

త్వరలో ఇల్లు మారనున్న పాఠకులుండిన, ముహూర్తము పెట్టించుటకు ముందు బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని యడుగుడు. “నేను రాను” అనవచ్చును. కోపింపక, ఏలయని యడుగుడు. అంతయు వినిన పిదప మారుటయే నిశ్చయమైనను, సామానులతో చేరవేసిన వస్తువుగా గాక, మనతో వచ్చిన మనిషిగా ఆ బిడ్డ కొత్త గడప దాటును.