గంగడోలు ఉంటేనే ఆవు

పోయిన వీడియోలో కన్నప్ప కథ చెప్పుకున్నాం కదండీ. శివలింగం దగ్గర మాంసం ముక్కలు చూసి, ఎవడో పాపాత్ముడు గుడిని అపవిత్రం చేశాడని పూజారి కుమిలిపోయాడు. నాకైతే ఆయన మీద కోపం రాదు. భక్తుడు అంటే ఆయన మనసులో ఒక బొమ్మ ఉంది. వేటగాడు తిన్నడు ఆ బొమ్మలో ఇమడలేదు, అంతే.

మనసు పనిచేసేదే అలా. పక్షి అనగానే మీకేం గుర్తొచ్చింది? పిచ్చుకో, చిలకో, కాకో. ఆస్ట్రిచ్ వచ్చి ఉండదు. కానీ అదీ పక్షే! 1970ల్లో ఎలినార్ రోష్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఈ సంగతి మీదే పరిశోధన చేశారు. మనసులోని నమూనాకి దగ్గరగా ఉన్నదాన్ని చటుక్కున గుర్తుపడతాం, దూరంగా ఉన్నదాని దగ్గర తడబడతాం.

మన తర్కశాస్త్రం వాళ్లు ఇంకో ప్రశ్న వేశారు. గుర్తుపట్టావు సరే, ఏ లక్షణం చూసి? తర్కసంగ్రహం చదివేవాళ్లకి ఆవు ఉదాహరణ తప్పదు. ఆవంటే కపిలవర్ణంలో ఉండేది అన్నారనుకోండి, మరి తెల్లావు ఏమైపోవాలి? అది అవ్యాప్తి దోషం. కొమ్ములున్నదే ఆవు అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది. ఇది అతివ్యాప్తి. చీలని గిట్ట ఉండేది అంటే అసలు ఒక్క ఆవూ మిగలదు, అసంభవం. చివరికి మెడ కింద వేలాడే గంగడోలు దగ్గర ఆగారు.

ఇప్పుడు భక్తుడి సంగతి చూడండి. బొట్టు, పంచె, మడి ఉన్నవాడే భక్తుడంటే కన్నప్ప బయటే ఉండిపోతాడు. పోనీ కాషాయం చూసి నమ్ముదామా? సీతమ్మ తల్లి ముందుకి రావణుడు వచ్చింది సన్యాసి వేషంలోనే. ఆవిడ అతిథి మర్యాదలు కూడా చేసింది.

మరి భక్తుడికి గంగడోలు ఏది? గీత 12వ అధ్యాయంలో 13 నుంచి 19 వరకు శ్లోకాలు ఒకసారి తీసి చూడండి. ఎవరినీ ద్వేషించకపోవడం, ఓర్పు, పొగిడినా తిట్టినా ఒకేలా ఉండడం... ఇలా సాగుతుంది. బట్టల ఊసే లేదు!

చిక్కల్లా ఒకటే. గంగడోలు కంటికి కనిపిస్తుంది, ఓర్పు కనిపించదు. దర్శనం క్యూలో నా ముందు నిలబడ్డ, చేతినిండా టాటూలున్న కుర్రాడిలో అది ఉందో లేదో చూడగానే ఎలా చెప్పను? క్యూ గంటసేపు కదలక, వెనకవాళ్లు తోస్తుంటే అప్పుడు కాస్త తెలియొచ్చు. నాలో ఎంతుందో అతనికీ అప్పుడే తెలుస్తుంది.