మొరాయించిన గుర్రపుపిల్ల

వాక్యభాగములు: సంఖ్యాకాండము 22:21-34, ఆదికాండము 33:13-14, మత్తయి 21:1-7



 ఈ మాసము మీ ముందుకు ఒక గుర్రపుపిల్ల సంగతితో వచ్చుచున్నాము. నవ్వకండి. బిలాము వంటి ప్రవక్తకే గాడిద నోట బుద్ధి చెప్పించిన దేవుడు, మా వంటి ముసలి పంతులుకు గుర్రపుపిల్ల చేత చెప్పించుట ఆశ్చర్యమేమీ కాదు.

మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. వారి తాతలు చిత్తూరు వైపు నుండి మైసూరుకు వలస వచ్చినవారు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా గుర్రాలను సాకి, సవారీకి అలవాటు చేసే పనిలో ఉండి విశ్రాంతి తీసుకున్నారు. ఆయన ఒకనాడు మాకు చెప్పిన సంగతి ఇది.

మూడేళ్ల వయసులో ఒక పిల్లగుర్రము మీద మొదటిసారి జీను వేశారట. మంచి జాతి, మంచి గుణము. కొన్ని నెలలు చెప్పినట్లు నడిచింది. అది చూసి అందరికీ ఆశ పెరిగింది. రోజుకు అరగంట సవారీ గంటన్నర అయింది. నాలుగో ఏడు వచ్చేసరికి అది మొరాయించడం మొదలుపెట్టింది. జీను చూస్తే చెవులు వెనక్కి పెట్టేది. కడుపు పట్టీ బిగిస్తే కొరకబోయేది. గేటు దగ్గరకు వచ్చి కాళ్లు పాతుకున్నట్లు నిలబడిపోయేది. ఎక్కిన కుర్రవాడు మడమలతో పొడిచాడు, కొరడాతో కొట్టాడు. భయముతో పగ్గాలు కూడా గట్టిగా లాగి పట్టుకున్నాడు. మడమ పొమ్మంటుంది, పగ్గము ఆగమంటుంది. ఆ మూగజీవి ఏ మాట వినాలి? "పొగరెక్కింది" అన్నారు అందరూ.

మన పెద్దాయన వచ్చి కుర్రవాణ్ణి దింపి, జీను తీసేసి, దాని వెన్ను మీద అరచేయి పెట్టి మెల్లగా నిమిరారు. ఒక చోట చేయి తగలగానే పిల్ల వెన్ను కిందికి వంచేసింది. ఏడాదిలో గుర్రము ఎదిగింది, భుజాలు విచ్చుకున్నాయి. జీను మాత్రము నిరుటిదే. అది రెండు పక్కలా నొక్కుతోంది. పశువైద్యుడు వచ్చి నోరు తెరచి చూస్తే, ఊడవలసిన పాలపన్ను ఒకటి కొత్త పన్ను మీద ఇరుక్కుని ఉన్నది. కళ్లెము కదిలినప్పుడల్లా నోట్లో బాధ. గుర్రానికి రెండున్నర ఏళ్ల నుండి సుమారు అయిదేళ్ల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తూనే ఉంటాయట. వెన్నుపూసల ఎదుగుదల అయిదారేళ్లకు గాని ముగియదట. పైకి పెద్ద గుర్రములా కనబడుతుంది, లోపల ఇంకా పిల్లే.

ప్రియులారా, బిలాము కథ ఇప్పుడు చదవండి. గాడిద మూడుసార్లు దారి తప్పింది. మూడుసార్లు బిలాము కొట్టాడు. దాని నోరు తెరవబడినప్పుడు అది అడిగిన ప్రశ్న ఎంత న్యాయమైనది! ఇన్నాళ్లు నన్ను ఎక్కి తిరిగావు గదా, నేను ఎప్పుడైనా ఇలా చేశానా అని అడిగింది. లేదని అతడే ఒప్పుకున్నాడు. ఎన్నడూ చేయనిది ఈనాడు ఎందుకు చేసిందని అతడు ఆలోచించలేదు. దూసిన కత్తితో దారిలో నిలిచిన దేవదూత గాడిదకు కనబడ్డాడు, ప్రవక్తకు కనబడలేదు. మొరాయించేదానికి ఏమి కనబడుతోందో, ఎక్కడ నొప్పి పుడుతోందో అడగక ముందే కర్ర ఎత్తుట బిలాము చేసిన తప్పు.

అది మా తప్పు కూడా. అందుకే ఈ మాటలు రాయుచున్నాము.

మా సంఘములో ఒక యౌవనస్థుడు ఉండెను. ఇక్కడే పుట్టినవాడు, కన్నడములోను ఇంగ్లీషులోను చదువుకున్నవాడు. తెలుగు మాట్లాడతాడు, అక్షరాలు మాత్రము అంతంత మాత్రమే. పదహారో ఏట బాప్తిస్మము పొందాడు. మంచి గొంతు, మంచి నడవడి. మాకు ఆశ పెరిగింది. ఒక్క ఏడాదిలో సండేస్కూలు, పాటల గుంపు, యౌవనస్థుల కూటము, అన్నీ అతని వీపు మీద పెట్టాము. ఒక ఆదివారము వాక్యము చదవమన్నాము. అతడు నోటుపుస్తకము తెరిచాడు. "కాగితము ఎందుకు? గ్రంథము చూసి చదువు" అన్నాము. తడబడ్డాడు. వెనుక ఎవరో నవ్వారు. "తెలుగు బిడ్డవై ఉండి తెలుగు చదవలేవా?" అని సంఘము అందరి ముందు అన్నది మేమే. ఆ తరువాత అతడు రాలేదు. కబురు మీద కబురు పంపాము. తండ్రిని మందలించాము. లోకములో పడ్డాడని ప్రార్థనలో కూడా చెప్పుకున్నాము.

గుర్రపుపిల్ల సంగతి విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు అతని ఇంటికి వెళ్లి, రమ్మని చెప్పక, "బాబూ, ఎక్కడ నొప్పి పెట్టాము?" అని అడిగాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ నోటుపుస్తకము తెచ్చి చూపించాడు. వాళ్ల అమ్మ తెలుగు వాక్యము చదువుతుంటే, రాత్రంతా కూర్చుని కన్నడ అక్షరాలతో రాసుకున్నాడు. తెలుగు మాటలే, తెలుగు వాక్యమే, అక్షరాలు మాత్రము తనకు వచ్చినవి. తెలిసినదాని నుండి తెలియనిదానికి నడిపించాలని ఉపాధ్యాయ శిక్షణలో మేము నేర్చుకున్నాము, ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాము. ఆ బిడ్డ తనంతట తానే ఆ దారిన వస్తుంటే, దారిలో కర్ర పట్టుకుని నిలబడినవారము మేమే.

మరి ఆ పిల్లగుర్రమును ఎలా తిప్పుకున్నారని పెద్దాయనను అడిగాము. ఆయన చెప్పినదానిలో నాలుగు సంగతులు మనకు కావాలి.

మొదటిది, నొప్పి తీసి విశ్రాంతి ఇచ్చారు. పన్ను తీయించి, కొత్త కొలతకు జీను చేయించి, వెన్ను మానే దాకా జీను వేయలేదు. ఆ రోజుల్లో మాలీసు, మేత, చేతి తాడుతో నడక, అంతే.

రెండవది, మొదటి నుండి మెల్లగా మొదలుపెట్టారు. ముందు ఉత్త జీను, తరువాత మనిషి. పది నిమిషాలు నడిపించి, బాగా నడిచినప్పుడే చాలించారు. యాకోబు ఏశావుతో ఏమన్నాడో చూడండి. పిల్లలు పసివారు, మందలు పాలిచ్చునవి, ఒక్క దినము అదిమి తోలితే చచ్చును, కనుక వారి నడకను బట్టి మెల్లగా వస్తానన్నాడు. పరదేశములో బిడ్డలను కని పెంచిన తండ్రి మాట అది. మనకంటే ఆ మాట ఎవరికి బాగా తెలియాలి?

మూడవది, నెమ్మదిగల పెద్ద గుర్రమును దాని పక్కన నడిపించారు. ప్రభువు యెరూషలేము ప్రవేశించిన దినమున, ఎవరూ ఎక్కని గాడిదపిల్లను మాత్రమే కాక, తల్లిని కూడా తోలుకొని రమ్మన్నాడని మత్తయి రాసెను. జనసమూహము కేకల మధ్య ఆ పిల్లకు తల్లి తోడు ఉన్నది. మన యౌవనస్థుల ముందు నిలబడి తప్పులు పట్టే పెద్దలు చాలామంది, పక్కన నడిచేవారు ఎంతమంది?

నాలుగవది, అది ఒక్క అడుగు ముందుకు వేసిన క్షణములోనే మడమ ఒత్తిడి తీసేశారు. ఒత్తిడి వలన గుర్రము నేర్చుకోదట. ఒత్తిడి తీసిన క్షణమునే నేర్చుకుంటుందట. అలాగని మొరాయించిన ప్రతిసారి దిగిపోయి విడిచిపెట్టలేదు. ఒక్క అడుగైనా వేసే వరకు ఓపికగా కాచుకున్నారు. ఎఫెసీ 6:4లో తండ్రులకు ఈ రెండూ కలిపి ఉన్నవి: కోపము రేపవద్దు, శిక్షణ మానవద్దు.

క్రీ.పూ. 4వ శతాబ్దములో జెనొఫన్ అను గ్రీకు సేనాని గుర్రపు స్వారీ మీద ఒక పుస్తకము రాశాడు. పిల్లగుర్రమును శిక్షకునికి అప్పగించక ముందే ఇంటి వద్ద సాధువుగా, చేతికి మచ్చికగా, మనుషులను ఇష్టపడేదిగా పెంచాలని అందులో చెప్పాడు. సాధువు అనుటకు ఆయన వాడిన గ్రీకు మాటకు చెందినదే మత్తయి 11:29లో ప్రభువు తన్ను గూర్చి వాడిన సాత్వికుడు అను మాట. ఆయన కాడి సులువైనదట. అంటే ఆయన పెట్టే కాడి మెడను కోయదు. మనము మన పిల్లల మీద పెట్టేది ఆయన కాడేనా, మన నిరుటి జీనా?

ఆ యౌవనస్థుడు పూర్తిగా తిరిగి వచ్చాడని రాయాలని మాకు ఆశ. కాని అబద్ధము రాయలేము. నెలకు ఒకటి రెండు ఆదివారములు వచ్చి వెనుక బల్ల మీద కూర్చుంటాడు. చదవమని మేము అడగలేదు. సంఘము ముందు మేము అన్న మాటకు సంఘము ముందే క్షమాపణ చెప్పాము. అతని అనుమతితో, ఆ వారపు వాక్యమును కన్నడ అక్షరాలలో రాసి పిల్లలకు ఇచ్చుచున్నాము. సాయంత్రము తెలుగు అక్షరాలు నేర్పుచున్నాము. తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్న సంఘముల పెద్దలారా, మీ బిడ్డలకు ఏ అక్షరము చేతికి వచ్చునో దానితోనే మొదలుపెట్టండి. ఈ వారము, రాకుండా పోయిన ఒక్క బిడ్డ ఇంటికి వెళ్లండి. ఎందుకు రాలేదని కాక, ఎక్కడ నొప్పి అని అడగండి.

ప్రార్థన: సాత్వికుడవైన ప్రభువా, మా కన్నులు తెరువుము. మా చేతిలోని కర్ర దింపించుము. మా బిడ్డల నడకను బట్టి నడుచు ఓపికను మాకు దయచేయుము. ఆమేన్.